పాత చిన్న డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు: అపోహలు - వాస్తవాలు

కార్యాలయాల్లో కొన్నేళ్లు పనిచేసి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు చేరే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ తరహా చిన్న డెస్క్‌టాప్‌లను సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి చోట్ల తక్కువ ధరకు కొని, వాటిలో గ్రాఫిక్స్ కార్డు వేయించుకోవాలనుకునేవారు చాలామంది ఉన్నారు. వీరిలో ఎక్కువమంది మమ్మల్ని మొదట అడిగేది ‘ఏ కార్డు మంచిది?’ అని. ఈ యంత్రాల విషయంలో అది చివర అడగవలసిన ప్రశ్న. పెట్టెలో ఉన్న చోటు, ఎస్‌ఎంపీఎస్ (యంత్రం లోపలి భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె) ఇవ్వగల విద్యుత్తు, స్లాటు రకం, ఇంట్లో ఉన్న మానిటర్ అనే నాలుగు విషయాలు తేలేసరికి ఎంచుకోదగిన కార్డులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే మిగులుతాయి.

అపోహ: స్లాటు ఉంటే చాలు, ఏ కార్డయినా పడుతుంది.

సాధారణ కార్డుకు వెనుక ఉండే ఇనుప బ్రాకెట్టు ఎత్తు దాదాపు 12 సెంటీమీటర్లు. చిన్న క్యాబినెట్లలో పట్టే లో ప్రొఫైల్ కార్డు బ్రాకెట్టు ఎత్తు దాదాపు 8 సెంటీమీటర్లే. అందువల్ల సాధారణ కార్డును ఇందులో అమర్చితే మూత పడదు. లో ప్రొఫైల్ కార్డులను కొత్తగా కొంటే పెట్టెలో చాలావరకు రెండు బ్రాకెట్లూ వస్తాయి గానీ, సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు చిన్న బ్రాకెట్టు కనిపించకుండా పోయి ఉండటం మామూలే కాబట్టి, డబ్బు ఇచ్చే ముందే దాన్ని అడిగి తీసుకోవాలి.

ఎత్తు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 కార్డుల లో ప్రొఫైల్ రకాలు చాలావరకు రెండు స్లాట్ల మందం ఉంటాయి. కొన్ని చిన్న డెస్క్‌టాప్‌లలో ప్రధాన స్లాటు ఎస్‌ఎంపీఎస్‌కు ఆనుకుని ఉండటం వల్ల అంత మందానికి చోటు ఉండదు. అప్పుడు కొందరు కార్డును పక్కనున్న రెండో స్లాటులో పెడతారు. చూడటానికి అది కూడా పొడవుగానే ఉన్నా, లోపల నాలుగు లేన్లే (డేటా ప్రయాణించే దారులు) ఉండవచ్చు. మూడో, నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో అవి చిప్‌సెట్ ద్వారా వచ్చే పీసీఐఈ 2.0 (స్లాటు ప్రమాణంలో పాత తరం) లేన్లు కాబట్టి వేగం సెకనుకు 2 జీబీ దగ్గర ఆగిపోతుంది, ప్రధాన స్లాటులో పీసీఐఈ 3.0 పదహారు లేన్ల వేగమేమో దాదాపు 16 జీబీ. ఇక అరచేతిలో ఇమిడే మైక్రో, టైనీ రకాల్లో చాలావరకు గ్రాఫిక్స్ కార్డు స్లాటే ఉండదు.

అపోహ: 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో గ్రాఫిక్స్ కార్డు నడవదు.

ఈ మాట దుకాణాల్లో ఎక్కువగా వినిపిస్తుంది, కానీ లెక్క వేస్తే నిలబడదు. ఐ5-4570 ప్రాసెసర్ గరిష్ఠంగా 84 వాట్ల తరగతికి చెందినది. విడిగా పవర్ కేబుల్ అవసరం లేని కార్డు స్లాటు నుంచి తీసుకోగల విద్యుత్తును ప్రమాణం 75 వాట్లకు పరిమితం చేస్తుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపినా మొత్తం 200 వాట్లకు లోపే ఉంటుంది. జీటీఎక్స్ 1650కి తయారీదారు సూచించే 300 వాట్లు, ఏ నాణ్యత ఉన్న ఎస్‌ఎంపీఎస్ అయినా సరిపోవాలన్న జాగ్రత్తతో చెప్పిన సంఖ్య.

అయితే రెండు షరతులున్నాయి. మొదటిది, కొన్ని చిన్న మోడళ్లలో తయారీదారులే స్లాటు విద్యుత్తును 75 వాట్ల కంటే తక్కువకు పరిమితం చేశారు కాబట్టి, మీ మోడల్ సాంకేతిక పత్రంలో ఆ సంఖ్యను తప్పక చూసుకోవాలి. రెండోది, పదేళ్లు ఆఫీసులో రోజంతా నడిచిన ఎస్‌ఎంపీఎస్‌ను కొత్తదానితో సమానంగా నమ్మకూడదు. ‘పెద్దది మార్చేస్తే సరిపోతుంది కదా’ అనేది కూడా అంత తేలిక కాదు. ఆప్టిప్లెక్స్ 9020 వంటి వాటి మదర్‌బోర్డు మీద మామూలు 24 పిన్నుల కనెక్టరు ఉండదు, దాని బదులు కంపెనీ సొంత 8 పిన్నుల కనెక్టరు ఉంటుంది. పైగా పెద్ద ఎస్‌ఎంపీఎస్ ఆ పెట్టెలో పట్టదు.

హార్డ్ డిస్క్‌కు వెళ్లే సాటా పవర్ కేబుల్‌కు కన్వర్టర్ తగిలించి 6 పిన్నుల కార్డును నడిపించే పద్ధతిని మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. సాటా కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోదాని సామర్థ్యం 1.5 ఆంపియర్లు, అంటే మొత్తం 54 వాట్లు. 6 పిన్నుల కనెక్టరు నుంచి కార్డు 75 వాట్ల వరకు అడగవచ్చు. అంత ఎక్కువ కరెంటు పారితే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరగవచ్చు.

అపోహ: ఎక్కువ జీబీలున్న కార్డే మెరుగైనది.

జీటీ 1030 పేరుతోనే రెండు రకాలున్నాయి. 2017లో వచ్చిన జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకు 48 జీబీ. మరుసటి ఏడాది వచ్చిన డీడీఆర్4 రకం వేగం 17 జీబీకి కూడా చేరదు. రెండింటిలోనూ మెమరీ 2 జీబీలే, డబ్బా మీద పేరూ ఒకటే, ఆటల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 4 జీబీ డీడీఆర్3 మెమరీతో అమ్మే జీటీ 730 కార్డులు ఇంకా అన్యాయం. అంత నెమ్మది మెమరీ ఎంత ఉన్నా ఆ చిప్ దాన్ని ఉపయోగించుకోలేదు. దానికి కొత్త డ్రైవర్లు కూడా రావు. జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ వంటి పాస్కల్ తరం కార్డులకు సైతం 2025 అక్టోబరు తర్వాత భద్రతా సవరణలే తప్ప కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్ మార్పులు ఉండవని ఎన్‌విడియా ప్రకటించింది. అందుకే ఈ రోజు కొనేవారు 1650 తరం నుంచి చూడటం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: కొత్త తరం కార్డు పాత యంత్రంలో కూడా అంతే వేగంగా పనిచేస్తుంది.

పీసీఐఈ 4.0 కార్డు 3.0 స్లాటులో పనిచేస్తుంది, ఆ మాట నిజమే. కానీ 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6400కు ఉన్నవి నాలుగు లేన్లే కాబట్టి, పాత స్లాటులో దాని దారి సగానికి సగం తగ్గుతుంది. 4 జీబీ మెమరీ నిండిన ఆటల్లో ఆ ఇరుకు స్పష్టంగా తెలుస్తుంది. ఇందులో వీడియో ఎన్‌కోడింగ్ సౌకర్యం కూడా లేదు కాబట్టి, ఆట ఆడుతూ రికార్డు చేయాలనుకునేవారు దీని జోలికి పోకపోవడమే మేలు. ఇంటెల్ ఆర్క్ కార్డులు సరిగ్గా పనిచేయాలంటే రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోగలిగే వీలు) అనే సౌకర్యం కావాలి. పదేళ్ల నాటి ఆఫీసు యంత్రాల బయోస్‌లో (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అది దొరకదు. 70 వాట్లతో నడిచే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ కార్డు ఈ పెట్టెల్లో వేయదగినదే గానీ, నాలుగు కోర్ల పాత ఐ5 దాని సామర్థ్యాన్ని చాలా ఆటల్లో పూర్తిగా వాడుకోనివ్వదు.

అపోహ: వర్క్‌స్టేషన్ కార్డులు ఆటలకు పనికిరావు.

డిజైన్, ఇంజినీరింగ్ పనుల కోసం తయారుచేసే ఈ కార్డులనే చిన్న పెట్టెలకు నేను తరచుగా సూచిస్తాను. ఎన్‌విడియా టీ1000లో 896 కోర్లున్నాయి, జీటీఎక్స్ 1650లోనూ అన్నే. అయినా ఇది 50 వాట్లతో, ఒక్క స్లాటు మందంతో, లో ప్రొఫైల్‌గా వస్తుంది. 40 వాట్ల టీ600 కూడా ఇదే కోవలోనిది. మామూలు డ్రైవర్లతోనే ఆటలు నడుస్తాయి. వీటి వెనుక మినీ డిస్‌ప్లేపోర్ట్‌లే ఉంటాయి కాబట్టి, మానిటర్‌కు తగిన కన్వర్టర్ విడిగా తీసుకోవాలి.

అపోహ: ఇంట్లో ఉన్న వీజీఏ మానిటర్‌కు మామూలు పిన్ను తగిలిస్తే చాలు.

పాస్కల్ తరం నుంచి ఎన్‌విడియా కార్డుల్లో అనలాగ్ అవుట్‌పుట్ లేదు. జీటీ 1030 మీద కనిపించే డీవీఐ పోర్టు కూడా డిజిటల్ మాత్రమే. సిగ్నల్‌ను మార్చే సర్క్యూటు ఉన్న హెచ్‌డీఎంఐ - వీజీఏ కన్వర్టర్ కావాలి. కార్డు వేశాక కూడా కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టులోనే ఉంచి, ‘కార్డు చెడిపోయింది’ అని తెచ్చేవారు తక్కువేమీ కాదు.

అపోహ: కార్డు వేస్తే కంప్యూటర్ మొత్తం వేగవంతమవుతుంది.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు, కరపత్రాలు టైపు చేసే డీటీపీ ఆపరేటర్లకు గ్రాఫిక్స్ కార్డు వల్ల ఒరిగేది దాదాపు శూన్యం. వారికి ఎస్ఎస్‌డీ వేస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లను ఫొటోషాప్‌లో చేసేవారికి మొదట కావలసింది ర్యామ్. ఒకే స్టిక్ ఉంటే దానికి జతగా రెండోది వేయడం అన్నిటికన్నా చవకైన మెరుగుదల. వీడియో ఎడిటింగ్, ఆటలు, హెచ్‌ఈవీసీ (ఎక్కువగా కుదించిన వీడియో రకం) సినిమాలు చూడటం వంటి పనులకు కార్డు నిజంగా ఉపయోగపడుతుంది. విండోస్ 11 మాత్రం కార్డుతో రాదు. అది ఎనిమిదో తరం లేదా ఆ పై ఇంటెల్ ప్రాసెసర్‌ను, టీపీఎం 2.0ను (భద్రతా చిప్) అడుగుతుంది.

అపోహ: ప్రాపర్టీస్‌లో పేరు సరిగా చూపిస్తే కార్డు అసలుదే.

పాత జీటీఎక్స్ 550 టీఐ వంటి కార్డుల్లో ఉండే సొంత బయోస్‌ను మార్చి 1050 టీఐ పేరుతో అమ్మే మోసం చాలా కాలంగా ఉంది. విండోస్ ఆ బయోస్ చెప్పిన పేరునే చూపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చిప్‌ను నేరుగా పరిశీలించి, నకిలీ అయితే పేరు ముందు ఆ విషయం రాసి చూపుతుంది. దుకాణంలోనే దాన్ని నడిపించి, తర్వాత ఏదైనా బరువైన ఆటనో పరీక్షా సాఫ్ట్‌వేర్‌నో పావుగంట నడిపి, ఉష్ణోగ్రత స్థిరంగా ఉందో లేదో, తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూసిన తర్వాతే డబ్బు చెల్లించాలి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కార్డు కొనవలసిన అవసరం లేదు.