కాలాన్ని గాలంగా మార్చే బిట్

నా విండోస్ కంప్యూటర్ కుప్పకూలినప్పుడు వచ్చిన మొదటి నీలితెర మీద గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే ప్రోగ్రాము) పేరు కనిపించింది. దాన్ని తీసేసి కొత్తది వేశాను. రెండు రోజులు సజావుగా నడిచి, మూడో రోజు కంప్యూటర్ మళ్ళీ కుప్పకూలింది. ఈసారి తెర మీద నెట్‌వర్క్ డ్రైవర్ పేరు. దాన్నీ మార్చాను. వారం తిరక్కుండా సౌండ్ డ్రైవర్ వంతు వచ్చింది. ఈ గొడవల మధ్యే ఒక జిప్ ఫైలును విప్పబోతే సగంలో ఆగిపోయి, ఫైలు పాడైందని చెప్పింది. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాక అదే ఫైలు ఏ పేచీ లేకుండా తెరుచుకుంది.

నీలితెరల కన్నా ఈ జిప్ ఫైలు సంగతే ముఖ్యం. డిస్కు మీద నిజంగా పాడైన ఫైలు తనంతట తాను బాగుపడదు. అంటే డిస్కులో ఉన్న ఫైలు మొదటి నుంచీ బాగానే ఉంది. దాన్ని చదివి ప్రాసెసర్‌కు అందించే దారిలో ఎక్కడో తేడా జరిగింది. ఆ దారిలో అన్నిటికన్నా పెద్ద మజిలీ మెమరీ, అంటే మనం ర్యామ్ అని పిలుచుకునేది.

ప్రోగ్రాములో తప్పుంటే అది సాధారణంగా ఒక పద్ధతి ప్రకారం బయటపడుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పుడు అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. అన్నీ ఒకే డ్రైవర్ దగ్గర, ఒకే తీరుగా పడ్డాయి. అది డ్రైవర్ వైపు లోపం. అలా కాకుండా ఒకే యంత్రంలో ఇవాళ ఒక డ్రైవర్, రేపు ఇంకొకటి, ఎల్లుండి వాటితో ఏ సంబంధమూ లేని ఫైలు చెడిపోతుంటే, అవన్నీ కూడబలుక్కుని ఒకేసారి పాడయ్యాయని నమ్మడం కన్నా అవి నిలబడిన నేలే కదులుతోందని అనుమానించడం సబబు.

మరి తెర మీద డ్రైవర్ పేరెందుకు? మామూలు ప్రోగ్రాము తప్పటడుగు వేస్తే ఆ ఒక్కదాన్నీ మూసేస్తే సరిపోతుంది. డ్రైవర్లు చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో పనిచేస్తాయి. అక్కడ తప్పు జరిగాక కూడా ముందుకు సాగితే ఉన్న ఫైళ్ళకే ముప్పు. అందుకే సిస్టమ్ తనను తాను ఆపేసుకుంటుంది. ఆ నీలితెర మన మేలు కోరే వస్తుంది. కానీ ఆ క్షణంలో అడుగు వేయబోయి పడిపోయిన వాళ్ళ పేరే అది చెప్పగలదు, గొయ్యి తవ్వినవాళ్ళ పేరు చెప్పలేదు. మెమరీలో రాసి ఉన్న ఒక చిరునామాలో ఒక్క అంకె మారిపోయిందనుకోండి. ఏ పాపమూ ఎరుగని డ్రైవర్ దాన్ని నమ్మి వెళ్ళి గోతిలో పడుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనే సామెత ఇక్కడ తిరగబడింది. మద్దెల నిజంగానే ఓడు, మనం ఆటను తప్పుపడుతున్నాం.

ఒక్క అంకె మారితే ఏమవుతుందో మన లిపిలోనే చూడవచ్చు. అక్షరాలను అంకెలుగా రాయడానికి ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ‘క’ అనే అక్షరానికి మూడు బైట్లు పడతాయి. ఒక్కో బైటులో 0 లేదా 1గా ఉండే ఎనిమిది అంకెలుంటాయి, ఒక్కో అంకె ఒక బిట్:

11100000 10110000 10010101

‘గ’ అయితే ఇలా ఉంటుంది:

11100000 10110000 10010111

చివరి నుంచి రెండో బిట్ ఒక్కటే తేడా. అది 0 నుంచి 1కి మారితే ‘కాలం’ కాస్తా ‘గాలం’ అవుతుంది. ‘త’, ‘ద’ల మధ్య దూరం కూడా సరిగ్గా అంతే. మొదటి అక్షరంలో ఆ బిట్ మారిందంటే ‘తాత’ ‘దాత’ అయిపోతాడు. రెండూ మంచి తెలుగు మాటలే కాబట్టి అక్షరదోషాలు చూసే ప్రోగ్రాము కూడా దీన్ని పట్టుకోలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. దెబ్బ మొదటి బైటులోని మొదటి నాలుగు బిట్లలో ఒకదాని మీద పడితే అక్షరమే చెదిరిపోయి, దాని చోట ప్రశ్నార్థకం ఉన్న నల్ల గుర్తు వస్తుంది. అది నయం, కనీసం కంటికి కనబడుతుంది. జేపెగ్ ఫోటోలో సమాచారమంతా గొలుసులా ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఒక్క బిట్ తప్పినా అక్కడి నుంచి కింది బొమ్మ అంతా రంగులు మారవచ్చు, పక్కకు జరగవచ్చు, ఉత్త బూడిదరంగుగా మిగలవచ్చు.

16 జీబీ ర్యామ్‌లో ఇలాంటి బిట్లు 13,700 కోట్లకు పైగా ఉంటాయి. ఒక్కో బిట్‌నూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్ విద్యుదావేశం రూపంలో దాచుకుంటుంది. పక్కనే తలుపులా ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ రూపొందించిన ఈ అమరికకు 1968లో పేటెంటు వచ్చింది. ఇవాళ్టి ర్యామ్‌కూ మూలం అదే. చిక్కల్లా ఆ కెపాసిటర్ చిల్లికుండ కావడమే. అందులోని ఆవేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోగా, అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా, ప్రతి గదినీ చదివి మళ్ళీ నింపాలి. ఏదో ఒక గదికి చిల్లి కాస్త పెద్దదైతే నింపేలోగానే ఖాళీ అవుతుంది. వేడి పెరిగితే కారడం ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున బాగా పనిచేసిన కంప్యూటర్, ఆట ఆడుతున్నప్పుడో వీడియో కూర్పు చేస్తున్నప్పుడో పడిపోవడానికి ఇదొక కారణం.

బయటి నుంచి దూసుకొచ్చే కణాలు కూడా బిట్లను మార్చగలవు. 2003లో బెల్జియంలోని స్కార్‌బెక్ ఎన్నికలో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు తేలింది. 4,096 అంటే రెండును పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య, సరిగ్గా ఒక బిట్ విలువ. అంతరిక్షం నుంచి వచ్చిన కణమే దీనికి కారణమై ఉండవచ్చని చెబుతారు. అయితే ఇంట్లో కంప్యూటర్ వారానికి మూడుసార్లు పడిపోతుంటే అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ కార్డులు (ర్యామ్ చిప్పులను అమర్చిన పలకలు) కనీసం ఒక్కసారైనా తప్పు చేశాయి. వాటిలో ఎక్కువ భాగం కణాల దెబ్బలు కావు, హార్డ్‌వేర్‌లోనే ఉన్న లోపాలు.

డిస్కుకూ మెమరీకీ ఉన్న ఒక తేడా గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోతుంది. డిస్కు ప్రతి ముక్క సమాచారంతో పాటు తప్పును పట్టే సంకేతాన్నీ రాసుకుంటుంది. అందుకే చెడిపోతున్న డిస్కు చాలావరకు ‘చదవలేకపోతున్నాను’ అని ఒప్పుకుంటుంది. ఇళ్ళలో వాడే మామూలు ర్యామ్‌కు చాలావరకు ఆ కాపలా ఉండదు. తప్పు విలువనే నిజమన్నంత ధీమాగా అందిస్తుంది. తప్పును దిద్దే సంకేతాలను రిచర్డ్ హామింగ్ 1950లోనే ప్రచురించాడు. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ ఆ ఆలోచన మీదే నడుస్తుంది. ఇంటి కంప్యూటర్లకు దాన్ని విలాసంగా చూడడం నాకు మింగుడుపడదు. మన ఫోటోలూ రాతలూ సర్వర్లలోని లెక్కల కన్నా తక్కువవేమీ కావు. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్ కూడా 2022లో ఇలాగే మొరాయించింది. ఆయన మొదట కొత్త కెర్నెల్‌లో తప్పుందేమోనని అనుమానించాడు. తీరా చూస్తే ఒక మెమరీ కార్డు పాడైంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ముందుగా బ్యాకప్ డిస్కును విడదీసి పక్కన పెట్టండి. లేకపోతే చెడిన ప్రతులు వెళ్ళి మంచి ప్రతుల మీద కూర్చుంటాయి. చెక్‌డిస్క్ లాంటి మరమ్మతు ప్రోగ్రాములను, విండోస్‌ను కొత్తగా ఎక్కించడాన్ని అప్పుడే తలపెట్టవద్దు. ఆ ప్రోగ్రాములూ అదే మెమరీలో కూర్చుని పనిచేస్తాయి. తప్పుగా చదివిన లెక్కను పట్టుకుని, బాగున్న ఫైళ్ళ పట్టికను ‘సరిదిద్దుతాయి’. చెడిన తూకంతో సరుకంతా మళ్ళీ తూచడం లాంటిది అది.

నేను చేసిన మొదటి పరీక్షకు ఏ పరికరమూ అవసరం రాలేదు. ర్యామ్ కన్నా పెద్దదైన ఒక వీడియో ఫైలు తీసుకుని, దానికి షా-256 ముద్ర లెక్క కట్టించాను. ఏ ఫైలుకైనా 64 అక్షరాల పొడవుతో వచ్చే వేలిముద్ర అది. ఫైలును ముట్టుకోనంత కాలం మారకూడదు. ఫైలు చిన్నదైతే రెండోసారి డిస్కు దాకా వెళ్ళకుండా మెమరీలో మిగిలిన ప్రతినే చూసి అదే జవాబు చెప్పవచ్చు, అందుకే పెద్దది కావాలి. మొదటి రెండుసార్లు ఒకే ముద్ర వచ్చింది. మూడోసారి మొదటి అక్షరం నుంచే పూర్తిగా వేరే ముద్ర వచ్చింది.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86+ను యూఎస్‌బీ డ్రైవులో వేసి, దానితోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టాను. ఇది విండోస్‌ను పక్కన పెట్టి, మెమరీలోని గదులన్నిటిలో రకరకాల నమూనాలు రాసి, తిరిగి చదివి పోలుస్తుంది. గంటన్నర దాకా ఏమీ లేదు. తర్వాత ఒక ఎర్రగీత వచ్చింది. రాసింది 11111111, చదివింది 11110111. తెల్లవారేసరికి అదే చిరునామా దగ్గర అదే బిట్ నాలుగుసార్లు తప్పింది. ఈ పరీక్షలో సున్నా తప్పులు వస్తేనే మెమరీ బాగున్నట్టు. ఒక్కటి వచ్చినా దాన్ని నమ్మి ఫైళ్ళు రాయకూడదు.

కార్డును నిందించే ముందు రెండు సంగతులు చూడాలి. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే పనిచేసే మదర్‌బోర్డు అమరికల తెరలో, ఎక్స్‌ఎంపీ లాంటి మెమరీ వేగం పెంచే అమరిక ఉంటే తీసేసి మళ్ళీ పరీక్షించాలి. చాలాసార్లు తప్పు అంతటితో పోతుంది. తర్వాత కరెంటు పూర్తిగా తీసేసి, కార్డులను ఊడదీసి, ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. తప్పు కార్డుతో పాటు వేరే స్లాటుకు వెళ్తే కార్డుదే లోపం. స్లాటు దగ్గరే ఉండిపోతే మదర్‌బోర్డునో ప్రాసెసర్‌నో చూడాలి. మెమరీ నిర్దోషి అని తేలితే, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదిక తెరవండి. సాటా కేబుల్‌తో తగిలించే డిస్కుల్లో 5, 197 నంబర్ల దగ్గర విలువ పెరుగుతుంటే డిస్కు అలసిపోతోంది, 199 పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. డ్రైవర్లను తిరగదోడడం ఇవన్నీ అయ్యాకే.

కొత్త కార్డు వచ్చాక పాత బ్యాకప్‌తో నా ఫైళ్ళన్నిటి ముద్రలూ పోల్చాను. నేను ముట్టుకోని ఫైళ్ళలో పదకొండింటి ముద్రలు తేడాగా వచ్చాయి. తొమ్మిదింటికి బ్యాకప్‌లో మంచి ప్రతి ఉంది. పదోది ఒక పాటల ఫైలు, మళ్ళీ దొరుకుతుంది. పదకొండోది కుటుంబమంతా నిలబడి తీయించుకున్న ఫోటో. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఒక చోట చెడింది, బ్యాకప్‌లోకి వెళ్ళిన ప్రతి ఇంకో చోట చెడింది. ఒకదానిలో పైభాగం, ఇంకొకదానిలో నడుముల దాకా సరిగ్గా ఉండి, అక్కడి నుంచి కిందంతా బూడిదరంగు. ముఖాలు మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి.