కర్రి దూకే కర్ర

కందుకూరు

పిలకాయలూ,

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. కర్రి ఎంత ఎదిగిపోయింది! మొన్న మొన్నటిదాకా కావలిలో మీ మెట్ల కింద నక్కి పడుకున్న కుక్కపిల్ల ఇదేనా అనిపించింది. రెండు కుర్చీల మధ్య సరుగుడు కర్ర కట్టి దూకమన్నారు, అది దూకింది, మీరు కేకలు పెట్టారు. నాకూ సంతోషమేసింది. కానీ ఆ కర్రను రెండు పక్కలా తాడుతో బిగించి కట్టారు చూడండి, అక్కడ నా గుండె గుభేలుమంది. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం మర్చిపోతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ తాడు విప్పేయండి. కుక్కలు దూకే పోటీల్లో కర్రను ఎవరూ కట్టరు. రెండు పక్కలా చిన్న ఆనికలుంటాయి, వాటి మీద ఊరికే ఆనించి పెడతారు. కాలు తగిలితే చాలు, కర్ర కింద పడిపోతుంది, కుక్కకు ఏమీ కాదు. కట్టేసిన కర్రకు కాలు తట్టుకుంటే పడేది కర్రి. రెండు ఇటుకల దొంతులు పెట్టి, వాటి మీద ప్లాస్టిక్ పైపు ఆనించండి. సరుగుడు కర్ర బరువు, వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కర్రలు నా చేత్తో చాలా పెట్టాను. అమెరికాలో మీ పెద్దమ్మ దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు శని, ఆదివారాలు వచ్చాయంటే మేం ఏదో ఒక ఎజిలిటీ పోటీకి వెళ్లేవాళ్లం. పక్కన మనిషి పరిగెత్తుతూ దారి చూపిస్తుంటే, కుక్క వరసగా అడ్డంకులు దాటే ఆట అది. అక్కడ కుక్కల్ని తెచ్చినవాళ్లే తలా ఒక పని పంచుకుంటారు. ఒకరు టైమ్ చూస్తారు, ఒకరు జడ్జి చేయి ఎత్తినప్పుడల్లా తప్పు రాసుకుంటారు. నాకు పడిన కర్రలు మళ్లీ పెట్టే పని ఇచ్చారు. రింగులో, అంటే కుక్కలు పరిగెత్తే బరిలో, ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కుక్క పరిగెత్తేటప్పుడు కదలకూడదు, దాని చూపు మన మీదికి మళ్లకూడదు.

ఆ కుర్చీలో కూర్చుని చూస్తూ చూస్తూ ఉంటే నాకొకటి అర్థమైంది. కర్ర ఎక్కువసార్లు వెనక కాళ్లకే తగిలేది. కుక్క సరిగ్గానే లేచేది. అది గాల్లో ఉండగా పక్కన పరిగెత్తే మనిషి పేరు పెట్టి పిలవడమో, చటుక్కున పక్కకు తిరగడమో చేసేవాడు. కుక్క తల తిప్పి చూసేది. తల తిరగగానే నడుం మెలి తిరిగేది, వెనక కాలు జారి కర్రకు తగిలేది. లేచి వెళ్లి కర్ర పెట్టేది నేను, తప్పు రాసేది కుక్క పేరు మీద. పాపం, దానికేం తెలుసు?

మీ వీడియోలోనూ అదే జరిగింది, గమనించారా? రెండోసారి దూకేటప్పుడు పెద్దోడు కర్ర దగ్గర ఆగిపోయి ఫోన్ వైపు తిరిగాడు. కర్రి కూడా ఆగి కర్ర పక్క నుంచి తిరిగి వచ్చేసింది. "కర్రీ, ఏంటే నువ్వు!" అని చిట్టి విసుక్కుంది. అది మీ మాట వినింది తల్లీ. అన్న భుజం ఎటు తిరిగితే అటు వచ్చింది. కుక్కకు మన భుజం, మన పాదం చెప్పేదే ముందు వినిపిస్తుంది. నోటి మాట ఆ తర్వాతే.

మన వైపు బండలాగుడు పోటీలు చూశారుగా. ఒంగోలు గిత్తల వెంట మనుషులు పరిగెత్తుతూ అదిలిస్తుంటారు, చేతిలో చర్నాకోల ఉంటుంది. ఈ ఆటలో అదేమీ లేదు. రింగులోకి దిగాక మెడకు తాడు ఉండదు. చేతిలో తిండి ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. కావాలని కుక్క మీద చేయి వేసినా తప్పే. గొంతు, చేయి, భుజం, అడుగు, ఇవే మన దగ్గరుండేవి. నాకు ఈ ఆట మీద ఇంత ఇష్టం పుట్టింది ఇందుకే.

ఇది పుట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో, పోటీల మధ్య ఖాళీలో జనానికి వినోదంగా ఉంటుందని మొదలుపెట్టారు. గుర్రాలు అడ్డుకర్రలు దూకే ఆట చూసి అలాగే కుక్కలకు పెట్టారు. అమెరికాలో కుక్కల పోటీలు నడిపే అమెరికన్ కెన్నెల్ క్లబ్ మొదటి ఎజిలిటీ పోటీ 1994లో పెట్టింది. వాళ్ల పోటీల్లో కలగలుపు జాతి కుక్కలు కూడా పరిగెత్తుతాయి, కాబట్టి కర్రి వీధికుక్క పిల్ల అని చిన్నబుచ్చుకోకండి.

అడ్డుకర్రలు, సొరంగంలాంటి గుడ్డ గొట్టం, టైరు, ఇవన్నీ తొందరగానే వచ్చేస్తాయి. వరసగా పాతిన పన్నెండు కర్రల మధ్య పాములా మెలికలు తిరిగి వెళ్లేదే కష్టం. కర్రకీ కర్రకీ 24 అంగుళాలు. మొదటి కర్ర కుక్క ఎడమ భుజం పక్కన ఉండేలా లోపలికి దూరాలి, ఒక్కటి కూడా వదలకూడదు. నెలలు పడుతుంది, తొందరపడకండి.

ఇంకో అడ్డంకి సీ-సా, అంటే రెండు కొసలూ పైకీ కిందికీ ఊగే చెక్క. దాని గురించి మాత్రం కాస్త వివరంగా చెబుతాను. పార్కులో మీరు ఎక్కే సీ-సా లాంటిదే. కుక్క ఒక కొస నుంచి ఎక్కి నడుస్తుంది, మధ్య దాటాక రెండో కొస కిందికి వాలుతుంది. అది నేలకు తగిలేదాకా ఆగి, అప్పుడు దిగాలి. కొసల్లో 42 అంగుళాల మేర పసుపు రంగు వేసి ఉంటుంది. దిగేటప్పుడు ఒక్క పాదమైనా ఆ రంగులో పడాలి. ఎత్తు నుంచి దూకేస్తే భుజాలు దెబ్బతింటాయి.

అమెరికా నుంచి రాగానే ఉత్సాహం పట్టలేక పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కన రాయి మీద చెక్క వేసి మా కుక్క మల్లిని ఎక్కించాను. చెక్క కొస 'ధన్'మని నేలకు కొట్టుకుంది. మల్లి తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఇంట్లోకి పారిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు చెక్క కనబడితే ఆ పక్కకే వచ్చేది కాదు. తప్పు నాదే. మళ్లీ మొదటికి వచ్చాను. చెక్కను నేల మీదే పరిచి, ఉడికించిన కోడి ముక్కలు దాని మీద పెట్టాను. అది తనంతట తాను నాలుగు కాళ్లూ పెట్టేదాకా ఊరుకున్నాను. ఆ తర్వాత చెక్క కింద ఒక చిన్న కర్ర, వాలే కొస కింద మడిచిన గోనెసంచులు నాలుగు. చెక్క వాలినా మెత్తగా 'దబ్'మనేది. వారానికొక సంచి తీసేస్తూ వచ్చాను. చివరి సంచి తీసిన రోజు మల్లి కొసన నిలబడి, చప్పుడైనా కదలకుండా నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కళ్లల్లో ఉంది.

పోటీలో వస్తువుల వరస ఎప్పటికప్పుడు మారుతుంది. జడ్జి కొత్తగా వేస్తారు, పక్కన అంకెలు పెడతారు. పరుగుకు ముందు కుక్కలు లేకుండా మనుషుల్ని మాత్రమే కొద్ది నిమిషాలు లోపలికి పంపిస్తారు. అందరూ ఖాళీ చేతులు చాపుకుంటూ, లేని కుక్కతో మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. మొదటిసారి చూసినప్పుడు పొలం హద్దులు చూసుకుంటున్నారేమో అనుకున్నాను. దారి నేర్చుకోవలసింది మనిషే. కుక్కకు పరుగు మొదలయ్యాకే ఆ దారి తెలుస్తుంది.

చెన్నైలోనో బెంగళూరులోనో జరిగే పోటీకి తీసుకెళ్తామన్నారు. తప్పకుండా వెళ్దాం, ఇప్పుడే కాదు. కర్రికి తొమ్మిది నెలలు. ఎముకల కొసలు ఇంకా గట్టిపడలేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు పదిహేను నెలలు నిండనిదే పోటీకి రానివ్వరు. అందాకా పైపు నేల మీదే పెట్టి దాటించండి. మహా అయితే దాని మడమ ఎత్తు, అంతే. పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, మీ రెండు పక్కలా పరిగెత్తడం, ఇవి నేర్పడానికే ఆరు నెలలూ సరిపోవు. రేబిస్ టీకా తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి.

ఎండ విషయంలో మాత్రం నా మాట దాటొద్దు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని దారి. తెల్లవారుజామున అరగంట చాలు. అరచేతి వెనక భాగం నేల మీద ఆనించండి. మీరు ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కర్రి పాదాలూ ఉంచలేవు. ఆదివారం పొద్దున్నే నాన్న తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తే తడి ఇసుక మీద పరిగెత్తించండి.

ఒక పని చేసిపెట్టండి. కర్రిని గోడ పక్కన నిలబెట్టి, భుజాల దగ్గర ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. కుక్క ఎత్తును బట్టే దూకే ఎత్తు. 18 అంగుళాలు దాటి 22 లోపు ఉంటే అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో 20 అంగుళాల ఎత్తున కర్ర పెడతారు. తల ఎత్తినప్పుడు కొలవకండి, లెక్క తప్పుతుంది. చిట్టి టేపు పట్టుకోవాలి, పెద్దోడు అంకె రాయాలి. ఆ అంకె నాకు పంపిస్తే పండక్కి వచ్చేటప్పుడు సరైన ఆనికలు వడ్రంగి చేత చేయించి తెస్తాను.

మీ తాతయ్య