సముద్రపు తుంపరలో ఉప్పెంత, జీవపదార్థమెంత?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కరిగి ఉన్న సేంద్రియ కార్బన్, అంటే జీవుల నుంచి వచ్చిన కార్బన్, మాత్రం ఒక మిల్లీగ్రాము అటూఇటూ. ఈ లెక్కన సముద్రం మీది గాలిలో తేలే తుంపర కణాలన్నీ దాదాపు ఉప్పే కావాలి. పెద్ద కణాల్లో అలాగే ఉంటుంది కూడా. చిన్నవాటి దగ్గరే లెక్క తప్పుతుంది. ఐర్లాండ్ పడమటి తీరంలోని మేస్ హెడ్ కేంద్రంలో ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న కణాలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వృక్షప్లవకాలు (నీటిలో తేలే, మొక్కల వంటి సూక్ష్మజీవులు) విపరీతంగా పెరిగే రోజుల్లో ఆ కణాల బరువులో 63 శాతం సేంద్రియ పదార్థమే. చలికాలంలో అది 15 శాతానికి పడిపోయింది. మొత్తం బరువులో 45 శాతం, అంటే ఆ 63లో 45 పాళ్లు, నీటిలో కరగని రకం. అది నేరుగా నీటి నుంచి ఎగిరి వచ్చిందనే అనుకోవాలి.

నీటిలో అంత పలచగా ఉన్నది కణంలో అంత చిక్కగా ఎలా చేరింది? బుడగల వల్ల.

గాలి వేగం సెకనుకు 4 మీటర్లు దాటిందంటే అలల తలలు విరిగి తెల్లటి నురగ కనబడడం మొదలవుతుంది. విరిగిన అల గాలిని నీటి లోపలికి తొక్కుతుంది. ఆ గాలి బుడగలై పైకి వచ్చే దారిలో కొవ్వు ఆమ్లాలు, ప్రొటీన్ల వంటివి వాటి గోడలకు అంటుకుంటాయి. ఈ అణువుల్లో ఒక కొసకు నీరంటే గిట్టదు, గాలి తగిలే చోటు దొరికితే వదలవు. ఉప్పుకు ఆ బెడద లేదు, నీటిలోనే ఉండిపోతుంది.

పైకి చేరిన బుడగ రెండు రకాల చుక్కలను విసురుతుంది. దాని నెత్తిమీది పలచని పొర చిట్లితే ముక్కలు ముక్కలై చాలా సన్నని చుక్కలు వస్తాయి, పెద్ద బుడగయితే వందల్లో. పొర పోయాక మిగిలిన గుంట పూడుకుంటూ కింది నుంచి ఒక నీటి ధారను పైకి చిమ్ముతుంది. ఆ ధార తెగి కొద్దిపాటి చుక్కలవుతాయి, ఒక్కొక్కటి బుడగ వ్యాసంలో సుమారు పదో వంతు. పొర చుక్కల్లో సేంద్రియం ఎక్కువ, ధార చుక్కల్లో ఉప్పు ఎక్కువ. ఒక మైక్రాన్ లోపు కణాలన్నీ పొర చుక్కలేనని చాలాకాలం నమ్మారు. చిన్న బుడగల ధారల నుంచి కూడా అంత చిన్నవి వస్తాయని తర్వాత తెలిసింది.

కొవ్వుల సంగతి సరే, చక్కెరలతోనే చిక్కు. అవి నీటిలో హాయిగా కరుగుతాయి, గోడకు అంటుకోవాల్సిన పని లేదు. అయినా తుంపర కణాల్లో వాటి వాటా తక్కువేమీ కాదు. బుడగ మీది కొవ్వు పొరకూ చక్కెర గొలుసులకూ మధ్య కాల్షియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న కాల్షియం కణాలు) వంతెనలా నిలిచి వాటిని పైకి లాగుతాయన్న వివరణకు ప్రయోగాల మద్దతు ఉంది.

ఇదంతా విన్నాక ఎవరికైనా తట్టేది ఒకటే: సముద్రం ఎంత పచ్చగా ఉంటే తుంపరలో అంత సేంద్రియం. ప్లవకాలకు ఆ పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్‌ను ఉపగ్రహాలు కొలుస్తాయి కాబట్టి తుంపరను లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు చాలావరకు ఆ దారే పట్టాయి. ఆ దారి నమ్మదగ్గది కాదు. ఓడల మీద నుంచి అక్కడి నీటితోనే తుంపర చేసి చూసిన బృందం, పచ్చని నీటికీ, ప్లవకాలు తక్కువున్న నీలి నీటికీ సేంద్రియ వాటాలో పెద్ద తేడా లేదని 2014లో చెప్పింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో దాదాపు 13 వేల లీటర్ల సముద్రపు నీటితో చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. ఆ నీటిలో ప్లవకాలు వరుసగా రెండుసార్లు విజృంభించాయి. మొదటిసారి క్లోరోఫిల్‌తో పాటే తుంపరలో కొవ్వు జాతి పదార్థం పెరిగింది. రెండోసారి పెరగనే లేదు.

తేడా బ్యాక్టీరియాలో ఉంది. ప్లవకాలు చచ్చి, చితికి వదిలిన కొవ్వులను అవి ఎంజైములతో కోసుకు తింటాయి. పదార్థం వచ్చే వేగం తినే వేగాన్ని మించితేనే బుడగకు ఏమైనా మిగిలేది. క్లోరోఫిల్ మీటరుకు ఈ పోటీలో సగమే కనబడుతుంది.

ఇలాంటి ప్రయోగం చెడిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. సన్నని రంధ్రాల గాజు బిళ్ల గుండా గాలి ఊదడం సులువే, కానీ ఆ బుడగల పరిమాణాలు విరిగే అల చేసే బుడగల వంటివి కావు, కాబట్టి చుక్కలూ వేరే. పైనుంచి నీటిని నీటి మీద పడేసే పద్ధతి నయం, అసలు అల ఇంకా నయం. పంపుతో నీటిని తిప్పితే ప్లవక కణాలు పగిలి లోపలి సరుకంతా బయట పడుతుంది, దాన్ని సహజమైన విడుదల అనుకుంటే పొరపాటే. అందుకే ప్లవకాలు పెరిగే రోజుల్లో నీటిని కదిలించకుండా ఉంచి, కొలిచేటప్పుడే తుంపర లేపడం మంచిది. తొట్టెకు మూత ఉండాలి, లోపలికి వడగట్టిన గాలే పంపాలి. మామూలు గది గాలిలో ఘన సెంటీమీటరుకు వేల కణాలుంటాయి, వాటి మధ్య తుంపర ఆనవాలే దొరకదు. తేమ సంగతి మరవకూడదు: తడి కణం ఆరిన కణం కంటే బాగా పెద్దది, కాబట్టి రెండు రోజుల కొలతలను పోల్చాలంటే రెండింటినీ ఒకే తేమకు ఆరబెట్టాలి.

మేఘాల దగ్గరకు వస్తే, నీటి చుక్క కట్టడానికి ఆధారమయ్యే విత్తనంగా ఉప్పే మేలు. అది తేమను ఇట్టే లాక్కుంటుంది, కొవ్వు అంతగా లాక్కోదు. మంచు విషయంలో మాత్రం ఉప్పు పనికిరాదు. ఏ విత్తనమూ లేని శుద్ధమైన నీటి చుక్క సుమారు మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. సముద్రపు పైపొరలో డయాటమ్‌ల వంటి ప్లవకాలు వదిలే పదార్థం తగిలితే అంత చలి రాకముందే గడ్డకడుతుంది.  ఎడారి ధూళి దండిగా ఉన్నచోట వీటి పాత్ర చిన్నది. నేల నుంచి ధూళి అంతగా చేరని, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం మీద మేఘాలకు దొరికే మంచు విత్తనాల్లో ఇవే ముఖ్యమైనవి.