కొత్త హంగుల హోటల్లో దిగే జంటలకు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం హోటళ్ళలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు హౌస్ కీపింగ్, ఆ తర్వాత అంతా ఫ్రంట్ ఆఫీసు. రినోవేషన్ చేసి మళ్ళీ తెరిచిన హోటళ్ళలో రెండుసార్లు, తెరిచిన మొదటి రోజు నుంచీ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు, పెళ్ళిరోజని వచ్చేవాళ్ళు, పిల్లలు స్థిరపడ్డాక మొదటిసారి ఇద్దరే బయల్దేరిన వాళ్ళు మా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. ఒక్క రాత్రికి ఎనిమిది వేలు, పది వేలు పెట్టడం మనలో చాలామందికి చిన్న విషయమేమీ కాదు. అంత పెట్టి కూడా ఇబ్బందిపడి, నోరు తెరిచి అడగలేక వెళ్ళిపోయే జంటల్ని చూస్తే నాకు బాధేస్తుంది. హోటల్ పేరు కన్నా మీ చేతికిచ్చే గది నంబరు ముఖ్యమని ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది. ఆ గది గురించి ఏం అడగాలో తెలియాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: రినోవేషన్ అయిందంటే హోటల్ మొత్తం కొత్తదే.

రినోవేషన్ అన్న ఒక్క మాట కింద రెండు రకాల పనులున్నాయి. పరుపులు, కర్టెన్లు, కార్పెట్లు, లైట్లు, గోడల రంగులు మార్చడం పైపై పని. గోడలు తవ్వి పైపులు, వైరింగ్, ఏసీ డక్టులు మార్చి, బాత్రూములు మళ్ళీ కట్టడం లోపలి పని. ప్రకటనలో మాత్రం రెండింటికీ ఒకటే మాట రాస్తారు. పైపై పనే జరిగిన చోట గది ఫొటోలో వెలిగిపోతూ ఉంటుంది, షవర్ తిప్పితే పాత పైపులోంచే నీళ్ళొస్తాయి.

పైగా పని అంతా ఒకేసారి అవదు. వ్యాపారం ఆగకూడదని ఒక్కో అంతస్తు మూసి చేస్తారు. ముందుగా ఒక నమూనా గదిని పూర్తిగా తయారుచేస్తారు. మేం దాన్ని మాకప్ రూమ్ అంటాం. యజమాని, ఆర్కిటెక్ట్ చూసి సరే అన్నాకే మిగతా గదులు మొదలవుతాయి. ప్రకటనల్లో మీరు చూసే ఫొటోలు చాలాసార్లు ఆ ఒక్క గదివే. అందుకే బుక్ చేసేటప్పుడు ఇలా అడగండి: "మాకిచ్చే అంతస్తులో పని ఎప్పుడు పూర్తయింది? పైనా కిందా ఇంకా జరుగుతోందా? డ్రిల్లింగ్ ఏ వేళల్లో ఉంటుంది?" ఈ వివరాలు మా దగ్గర ఉంటాయి. అడిగితే చెప్పడం మా పనే.

అపోహ: కొత్త వాసన వస్తోందంటే గది శుభ్రంగా ఉన్నట్టే.

ఒక ఆగస్టులో పాలకొండ నుంచి ఒక పెద్ద జంట వచ్చారు. ఆయన రిటైరైన మాస్టారు. షష్టిపూర్తి అయిన వారానికి పిల్లలు రెండు రాత్రులు బుక్ చేసి పంపారు. నాలుగో అంతస్తులో గది ఇచ్చాం. కాంట్రాక్టరు దాన్ని మాకు అప్పగించి మూడు రోజులే అయింది. అరగంటకల్లా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికొచ్చారు. "బాబూ, గది చాలా బాగుంది. ఏమనుకోకు, కళ్ళు మండుతున్నాయి" అన్నారు. అన్ని వేలు కట్టి కూడా ఆవిడ నన్ను "ఏమనుకోకు" అని బతిమాలాల్సి వచ్చింది. అది నేను మర్చిపోలేను.

పైకి వెళ్ళి చూశాను. గదిలో నిమ్మగడ్డి స్ప్రే వాసన, బాగానే ఉంది. వార్డ్‌రోబ్ తలుపు తీశాను. ప్లైవుడ్ జిగురు వాసన గుప్పున ముఖానికి కొట్టింది. లోపల హ్యాంగర్‌కి ఆవిడ పట్టుచీర వేలాడుతోంది, దానికీ అదే వాసన పట్టేసింది. మాస్టారు బాల్కనీలో నిలబడి ఉన్నారు, లోపలికి రావడం లేదు. వాళ్ళని రెండో అంతస్తుకి, ఎనిమిది నెలల కింద పని పూర్తయిన గదికి మార్చాం. అక్కడి నుంచి సముద్రం సగమే కనిపిస్తుంది. అయినా ఆవిడ లోపలికి అడుగుపెట్టి గట్టిగా ఊపిరి పీల్చి, "ఇది హాయిగా ఉంది" అని మంచం మీద కూర్చున్నారు.

ఆ వాసన ఎక్కడిదంటే, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే) పలకల్ని అతికించే జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. అది వాయువుగా మారి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. కొత్త పెయింట్లు, పాలిష్, కార్పెట్ జిగురు కూడా ఇలాంటి ఆవిర్లే వదులుతాయి. వేడి, తేమ పెరిగితే ఇవి ఇంకా ఎక్కువగా వస్తాయి. మన విశాఖలో ఆ రెండింటికీ కొదవలేదు. ఇంటి లోపలి గాలిలో ఫార్మాల్డిహైడ్ అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కళ్ళు మండడం, గొంతు గరగర, తలనొప్పి దీని మొదటి గుర్తులు. రూమ్ స్ప్రే వాసనను కప్పుతుందే తప్ప ఆవిర్లను తీసేయదు.

ఏసీ పెంచితే పోతుందనుకుంటారు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి రావాలంటే తలుపో కిటికీయో తీయాల్సిందే. చాలా హోటళ్ళలో బాల్కనీ తలుపు తీయగానే ఏసీ దానంతటదే ఆగేలా సెన్సర్ పెడతారు. ఏసీ పాడైందని మాకు ఫోన్లొస్తాయి. పాడవలేదు, తలుపు వేస్తే మళ్ళీ మొదలవుతుంది. గదిలోకి వెళ్ళగానే వార్డ్‌రోబ్, సొరుగులు, బాల్కనీ తలుపు అన్నీ తెరిచి ఓ అరగంట బయట తిరిగి రండి. వచ్చాక కూడా కళ్ళు మండితే మొహమాటపడకుండా గది మార్చమనండి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు బుకింగ్ అప్పుడే, పని పూర్తయి కనీసం కొన్ని నెలలైన గది కావాలని అడగాలి. సామాను విప్పకముందే అడిగితే మాకూ తేలిక.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పనుల కోసం చాలా రోజులు మూసి ఉంచిన గదిలో పైపుల్లో నీళ్ళు నిలిచిపోతాయి. నిలిచిన గోరువెచ్చటి నీళ్ళలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపరలతో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అందుకే ఖాళీ గదుల్లో కుళాయిలు తిప్పి నీళ్ళు వదలడం హౌస్ కీపింగ్‌లో నేర్చుకున్న మొదటి పనుల్లో ఒకటి. మీరు కూడా షవర్ కింద నిలబడే ముందు వేడి, చల్ల రెండూ రెండు మూడు నిమిషాలు వదలండి, తుంపర్లు మీద పడకుండా కాస్త దూరంగా ఉండండి.

అపోహ: జంటగా దిగాలంటే పెళ్ళయినట్టు రుజువు చూపించాలి.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట జరిగింది. పెళ్ళయి పదకొండు రోజులైన జంట. అమ్మాయి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది. అది సహజమే కదా, పెళ్ళయిన వారంలో ఆధార్ మార్చుకునేదెవరు? అసలు మార్చుకోని వాళ్ళూ బోలెడుమంది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు "ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయి" అన్నాడు. లాబీలో అందరూ చూస్తుండగా ఆ అబ్బాయి ఫోన్ తీసి తలంబ్రాల ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ చూపించాడు. అమ్మాయి తల దించుకుని మెహందీ చేతులు చున్నీలో దాచుకుంది. నేను వెనక గదిలోంచి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ రోజు నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం ఇదే చెబుతున్నాను.

పెళ్ళి సర్టిఫికెట్ అడగమని ఏ చట్టమూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఇద్దరు ఇష్టపూర్వకంగా ఒక గదిలో ఉండటం నేరం కాదు. కోయంబత్తూరులో సీలు వేసిన ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ కేసులో 2019 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు ఈ మాటే చెప్పింది. పెళ్ళికాని జంట హోటల్ గదిలో ఉంటే అది నేరమని చెప్పే చట్టమేదీ లేదని అందులో స్పష్టం చేసింది.

అయితే కొన్ని హోటళ్ళకు సొంత నియమాలుంటాయి. పెళ్ళికాని జంటలకు ఇవ్వం, విశాఖ చిరునామా ఉన్నవాళ్ళకు ఇవ్వం అంటారు. అవి ఆ హోటల్ పెట్టుకున్న షరతులు. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర టెన్షన్ పడటం కన్నా, బుక్ చేసేటప్పుడే అడిగి, కుదరదంటే వేరే చోటు చూసుకోవడం మంచిది.

గుర్తింపు కార్డు మాత్రం ఇద్దరిదీ ఉండాలి. భర్తది ఒక్కటే చాలదు. ఆధారే అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఏదైనా సరిపోతుంది. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి తీసుకోం. ఆధారే ఇవ్వాలనుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వండి. ఇద్దరిలో ఒకరు విదేశీయులైతే వాళ్ళ వివరాలు 24 గంటల్లో మేం ప్రభుత్వానికి పంపాలి. పాస్‌పోర్టు, వీసా అడిగేది అందుకే.

అపోహ: అద్దం మీద వేలు పెట్టి చూస్తే కెమెరా ఉందో లేదో తెలిసిపోతుంది.

వేలికీ ప్రతిబింబానికీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది అద్దం తయారీని బట్టి మారుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. గది చీకటి చేసి ఫోన్ టార్చిని అద్దానికి ఆనించి చూడండి, వెనక ఖాళీ జాగా ఉంటే కనిపిస్తుంది. స్మోక్ డిటెక్టర్, గడియారం, చార్జింగ్ అడాప్టర్ లాంటివి మంచానికో బాత్రూమ్‌కో ఎదురుగా ఉంటే దగ్గరికెళ్ళి చూడండి. అనుమానం వస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి 112కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళ ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు పడుతుంది.

కెమెరా భయంలో పడి చాలామంది చూడనిది పక్క గదికి తెరుచుకునే తలుపు. కుటుంబాల కోసం రెండు గదుల్ని కలిపే తలుపు పెడతారు. తాళం వేసే ఉంటుంది, మాటలు మాత్రం అటూ ఇటూ వినిపిస్తాయి. కొత్త జంటలు ఆ తలుపు లేని గది అడగండి. ఎలాంటి మంచం కావాలో కూడా ముందే చెప్పండి, లేకపోతే రెండు మంచాలు కలిపి ఒకే దుప్పటి పరిచిన గది రావచ్చు. గాజు గోడల బాత్రూములు ఈమధ్య ఫ్యాషనయ్యాయి. లోపల తెర ఉందో లేదో అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, మొగుడూ పెళ్ళాలైనా అందరికీ అది నచ్చాలనేం లేదు. ముహూర్తాల రోజుల్లో బాంక్వెట్ హాల్‌లో పెళ్ళి ఉందేమో కనుక్కోండి. ఉంటే దానికి దూరంగా, పై అంతస్తు తీసుకోండి.

అపోహ: రెండొందలు ఎక్కువైతే ఏముంది, మంచి గది తీసుకుందాం.

గది అద్దె రోజుకు 7,500 దాకా ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. 7,400 గదికి పన్ను 370, మొత్తం 7,770. 7,600 గదికి పన్ను 1,368, మొత్తం 8,968. అద్దెలో తేడా రెండు వందలు, చేతిలోంచి పోయేది 1,198. అందుకే పన్నుతో కలిపి ఎంతో అడగండి. సర్వీస్ చార్జి వేస్తే తీసేయమనవచ్చు. బలవంతంగా వసూలు చేయకూడదన్న 2022 నాటి వినియోగదారుల మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది.

అపోహ: రినోవేషన్ అయింది కాబట్టి స్టార్లు పెరిగాయి.

స్టార్లు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ. హోటల్ తనంతట తాను దరఖాస్తు చేసుకోవాలి, ఇచ్చిన హోదా ఐదేళ్ళు ఉంటుంది. లగ్జరీ అన్న మాట ఎవరైనా రాసుకోవచ్చు.

అపోహ: సీ వ్యూ గది తీసుకుంటే బాల్కనీలో కూర్చుని సూర్యాస్తమయం చూడొచ్చు.

గోవా ఫొటోలు చూసి వచ్చినవాళ్ళు అడుగుతారు. మన సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు నీళ్ళలోంచి పుడతాడు, అస్తమించేది ఊరి వెనక కొండల్లో. జూన్ మొదట్లో తెల్లవారుజామున 5.20 ప్రాంతానికే ఉదయిస్తాడు, జనవరిలో 6.30 అవుతుంది. తెల్లారి నిద్ర కావాలంటే పడుకునే ముందు మందం కర్టెన్ అంచుదాకా లాగేయండి.

ఇంకో మాట. ఉప్పుగాలి ముందుగా తినేది సముద్రం వైపు గదుల్నే. బాల్కనీ తలుపు జరిగే పట్టాలు, కీళ్ళు, రెయిలింగ్ మరలు, ఏసీ బయటి యూనిట్ త్వరగా తుప్పుపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు చూసినవాళ్ళకి ఆ వైపు అద్దాలకు ఎంత గట్టి బిగింపు కావాలో తెలుసు. కొత్త గదైనా బాల్కనీ తలుపు ఒకసారి తెరిచి మూసి, గొళ్ళెం పడుతోందో లేదో చూసుకోండి. రాత్రి ఈదురుగాలికి ఈల మోత వచ్చేది సరిగ్గా పడని తలుపుల్లోంచే.

సూర్యాస్తమయం దొరకదని నిరాశపడేవాళ్ళకి నేను పౌర్ణమి తేదీ చెబుతాను. ఆ సాయంత్రం అటు కొండల వెనక పొద్దు వాలే వేళకే ఇటు సముద్రంలోంచి చంద్రుడు పైకొస్తాడు, మొదట రాగి పళ్ళెంలా, తర్వాత తెల్లబడుతూ. దానికోసం వచ్చేట్టయితే ముందురోజు సాయంత్రం హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి చెప్పండి. మర్నాడు వచ్చేవాళ్ళకి మేం గదులు కేటాయించడం మొదలుపెట్టేది ఆ వేళలోనే.