రాడ్లు, గ్రేలు, మధ్యలో ఒక వంద

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. ఒకే రేడియేషన్ మోతాదును పాత పుస్తకంలో 400 రాడ్లు అని, కొత్త పుస్తకంలో 4 గ్రేలు అని రాశారనీ, ఏది తప్పో తేల్చి చెప్పమనీ అడిగారు. రెండూ ఒప్పే. 100 రాడ్లు ఒక గ్రే. లెక్క ఇంతే. కానీ ఇంతేనని వదిలేస్తే రేపు రెమ్, సీవర్ట్, రాంట్‌జెన్ అనే మిగతా రేడియేషన్ కొలతలు ఎదురైనప్పుడు తికమకపడతారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రేడియేషన్ ఒక వస్తువులోంచి పోతూ తన శక్తిలో కొంత అక్కడ వదిలేస్తుంది. కిలో బరువున్న పదార్థంలో ఒక జౌల్ శక్తి వదిలితే ఆ మోతాదు ఒక గ్రే. లూయీ హెరాల్డ్ గ్రే అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పేరిట 1975లో ఈ పేరు ఖాయమైంది. అంతకు ముందు, 1953 నుంచీ, రాడ్ ఉండేది. అది గ్రాముకు 100 ఎర్గులు. ఎర్గ్ మరీ చిన్నది, కోటి కలిస్తే గానీ ఒక జౌల్ కాదు. కాగితం తీసుకుని గ్రామును కిలో చేసి, ఎర్గులను జౌళ్లు చేసి చూడండి. కిలోకు 0.01 జౌల్ వస్తుంది. ఆ వంద ఎక్కణ్ణుంచి ఊడిపడిందో మీకే తెలుస్తుంది. బట్టీ పట్టిన సూత్రం మరిచిపోతాం గానీ, ఒకసారి చేత్తో చేసిన లెక్క ఎక్కడికీ పోదు.

రాడ్‌ను పక్కన పెట్టమన్నప్పుడు క్యాన్సర్‌కు రేడియేషన్ వైద్యం చేసేవాళ్లు ఒక చిన్న ఉపాయం చేశారు. గ్రేలో నూరో వంతును సెంటీగ్రే అంటారు కదా, అది సరిగ్గా ఒక రాడ్. దాంతో రోజుకు 200 రాడ్లు అని రాసుకునే చోట 200 సెంటీగ్రేలు అని రాసుకున్నారు. అంకె కదల్లేదు, పేరు మారింది. శాస్త్రం పరంగా అది 2 గ్రేలు. బద్ధకమని కొందరు నవ్వారు గానీ, నాకు మాత్రం అది తెలివైన పనే అనిపిస్తుంది. అలవాటైన అంకెను కదిలిస్తే చుక్క తప్పు చోట పడే ప్రమాదం ఉంది, అక్కడ అవతల ఉన్నది రోగి.

గ్రే మొదటిసారి చూసినవాళ్లు ‘కిలోకు ఒక జౌలేనా’ అని తేలిగ్గా తీసుకుంటారు. మీ పుస్తకంలోని ఆ 4 గ్రేలు ఒళ్లంతటికీ ఒక్కసారిగా తగిలితే, వైద్యం అందనివాళ్లలో దాదాపు సగం మంది కొన్ని వారాల్లో చనిపోతారు. అంత మోతాదుకూ ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో సుమారు వెయ్యో వంతు! జ్వరమాపకానికి కూడా అందదు. రేడియేషన్ చేసే చెరుపు వేడి వల్ల కాదు. కణం లోపలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరికి, డీఎన్ఏ పోగులను తెంపడం వల్ల.

ఈ తెంపడంలో అన్ని కిరణాలూ ఒకటి కావు. బిందెడు నీళ్లు పెరడంతా చిలకరించడం వేరు, ఒక్క మొక్క మొదట్లో గుమ్మరించడం వేరు. గామా, ఎక్స్ కిరణాలది చిలకరింపు. ఆల్ఫాది గుమ్మరింపు. అందుకే గ్రేను కిరణాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. గామాకు 1, ఆల్ఫాకు 20. అలా వచ్చేదే సీవర్ట్. దాని పాత రూపం రెమ్, 100 రెమ్‌లు ఒక సీవర్ట్. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. రాడ్ నుంచి గ్రేకు, రెమ్ నుంచి సీవర్ట్‌కు ఎప్పుడైనా వందతో పోవచ్చు. గ్రే నుంచి సీవర్ట్‌కు పోవాలంటే మాత్రం ఏ కిరణమో అడగాల్సిందే.

రాంట్‌జెన్ ఇంకా పాతది. అది శరీరంలో దిగిన శక్తిని కాదు, గాలిలో పుట్టిన విద్యుదావేశాన్ని కొలుస్తుంది. గామా కిరణాల దగ్గర ఒక రాంట్‌జెన్‌ను ఇంచుమించు ఒక రాడ్ అనుకోవచ్చు. అది ఉజ్జాయింపే తప్ప సరిసమానం కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఒక తప్పు చేశాను. జేబులో పెట్టుకునే పెన్ను లాంటి కొలమానం 40 మిల్లీరాంట్‌జెన్‌లు చూపిస్తే, రిజిస్టర్‌లో 40 మిల్లీసీవర్ట్‌లని ఎక్కించాను. అసలు రాయాల్సింది సుమారు 0.4. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇప్పుడున్న పరిమితి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు. అంటే కాగితం మీద నేను రెండేళ్ల వాటా ఒక్క పూటలో మింగేశానన్నమాట. పెద్దాయన తిట్టలేదు, రిజిస్టర్ నా ముందుకు తోసి ‘ఇంత తగిలిందా, ఎలా ఉన్నావు మరి’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

మీకో లెక్క ఇస్తున్నాను. ఒక పాత నివేదికలో ఏడాదికి 250 మిల్లీరెమ్‌లు అని ఉంది. దాన్ని మిల్లీసీవర్ట్‌లలోకి మార్చండి. తర్వాత, నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి సహజంగా ఏటా తగిలే ప్రపంచ సగటు, 2.4 మిల్లీసీవర్ట్‌ల పక్కన పెట్టి చూసి, భయపడాలో వద్దో రాయండి. అంకె పక్కన ప్రమాణం రాయకపోతే మాత్రం ఆ ఉత్తరం విప్పినట్టే విప్పి వెనక్కి పంపేస్తాను.

మీ తాతయ్య