అండమాన్ మాను మీది పురుగు: పేరు ఎందుకు తొందరగా తేలదు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ఊళ్ళలో, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కి పనికి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు కానీ మావాళ్ళ నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. మా చిన్నాన్న కొడుకు కూడా అక్కడే ఉంటాడు. వానల్లో అడవి దారిన వెళ్తూ, పడిపోయిన మాను మీద పరుగెడుతున్న పురుగుని ఫోన్‌లో ఫోటో తీసి పంపాడు. పచ్చటి పెంకు, అంచుల్లో రాగి మెరుపు, పల్చటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు. "అన్నయ్యా, ఇది మన జీడి తోటల్లో తిరిగేదేనా, వేరేనా? పేరేంటి?" అని అడిగాడు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, "నేల పెంకు పురుగుల కుటుంబం. ఏ జాతో ఫోటో చూసి చెప్పలేను" అన్నాను. వాడికి నచ్చలేదు. ఫోన్‌లో యాప్ అయితే క్షణంలో పేరు చెప్పేసిందట.

ఆ పేరు ఎందుకు నమ్మలేనో వాడికి చెప్పాలంటే రెండున్నర వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

నేల పెంకు పురుగుల కుటుంబాన్ని కరాబిడే అంటారు. ప్రపంచంలో సుమారు 40,000 జాతులు. ఎక్కువ భాగం వేటాడి తినేవే. మన వరి మళ్ళలో ఎర్రటి ఒంటి మీద ముదురు నీలం పట్టీలతో, చీమలా హడావిడిగా తిరిగే ఓఫియోనియా వీటిలోదే. ఆకుముడత పురుగునీ వరి సుడిదోమనీ తింటుంది కాబట్టి రైతుకి మిత్ర పురుగు. మెట్ట నేలల్లో ఇంకొకటి ఉంది: బాగా పెద్దది, నల్లనిది, మెడ వెనక పలక మీద రెండు, వీపు మీద నాలుగు తెల్లటి చుక్కలు. పట్టుకోబోతే ఘాటైన ద్రవం చిమ్ముతుంది, కంట్లో పడితే మంట. దీనికి 1775లో ఫాబ్రిసియస్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు యాంథియా సెక్స్‌గుటాటా. ఆరు చుక్కలది అని అర్థం.

ఫాబ్రిసియస్, జీవులకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ శిష్యుడు. మన తీరం పురుగులు ఆయన చేతికి అందడానికి ముఖ్య కారకుడు లినేయస్ ఇంకో శిష్యుడు, కోనిగ్. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, దక్షిణాదిన మొక్కలూ పురుగులూ సేకరిస్తూ, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన తర్వాత ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవిలోకి వచ్చినది విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్. పాముల మీద పేరు పొందిన రస్సెల్ ఆయనే. అంటే మన ఉత్తరాంధ్ర వైపే ఈ చదువు చాలా తొందరగా మొదలైంది. కానీ సేకరించినవి ఓడ ఎక్కి వెళ్ళిపోయాయి. ఫాబ్రిసియస్ చూసిన నమూనాల్లో చాలా భాగం నేటికీ కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి.

చిక్కు అక్కడే మొదలైంది. ఆ కాలపు వర్ణన అంటే లాటిన్‌లో రెండు మూడు వాక్యాలు. దొరికిన చోటు అన్న దగ్గర చాలాసార్లు "తూర్పు ఇండియా" అని మాత్రమే. ఆరు చుక్కల పురుగుకి అది చాలు. నున్నగా నల్లగా ఉండే వందల పురుగులకి చాలదు. అందుకే పేరు పెట్టినప్పుడు చేతిలో ఉన్న అసలు నమూనాయే తుది సాక్ష్యం అయింది. శ్రీకాకుళంలో దొరికిన పురుగుకి సందేహం వస్తే, దాన్ని కోపెన్‌హాగెన్‌లోనో లండన్‌లోనో పారిస్‌లోనో ఉన్న పురుగుతో పోల్చాలి. ఇది మనకి జరిగిన నష్టమే అని నేను అనుకుంటాను.

దీవుల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు పది రెట్లయింది. దానికి మూలం రెక్కలు పోవడం. అట్లాంటిక్ సముద్రంలోని మదీరా దీవుల పెంకు పురుగుల్ని వోలాస్టన్ అనే శాస్త్రవేత్త 1850లలో లెక్కగట్టాడు. ఆయన లెక్కని డార్విన్ 1859లో తన పుస్తకంలో చూపించాడు: 550 జాతుల్లో 200 ఎగరలేవు. ఎగిరేవాటిని గాలి సముద్రంలోకి కొట్టేస్తుంది, ఎగరనివి మిగులుతాయి అన్నది డార్విన్ వివరణల్లో ఒకటి. 1943లో డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్త కొండలనీ దీవులనీ కలిపి చూసి, గాలి ఒక్కటే కారణం కాదన్నాడు. మారకుండా ఉండే అడవిలో, చిన్న ప్రాంతంలో ఎగరాల్సిన అవసరమే తగ్గిపోతుంది. చోటు మారిపోతూ ఉండే దగ్గర రెక్కలు లేకపోతే బతకలేవు.

ఈ వాదన నాకు మన ఊళ్ళోనే కళ్ళకి కనిపిస్తుంది. వంశధార ఆయకట్టులో మడి నీటితో నిండుతుంది, కోతలకి ఎండిపోతుంది. అక్కడి పురుగులకి రెక్కలు కావాలి. తొలకరి రాత్రుల్లో వీధి దీపం కింద రాలేవాటిలో ఇవీ ఉంటాయి. ఆరు చుక్కల పురుగు మాత్రం మెట్ట నేల విడిచి పోదు, ఎగరదు. దాన్ని సముద్రంలోకి కొట్టేసే గాలి ఏదీ లేదు కదా.

రెక్కలు పోయాక ఏం జరుగుతుందో హవాయి చూపించింది. అక్కడి తడి అడవుల్లో మెసిక్లోథోరాక్స్ అనే నేల పెంకు పురుగుల ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఉంది. శాస్త్రవేత్తల్లో పెర్కిన్స్ 1890లలో ఆ కొండలు ఎక్కి సేకరించాడు, షార్ప్ 1903లో వర్ణించాడు. చివరికి 2015లో లీబర్ ఒక్క హలేయాకలా అగ్నిపర్వతం మీదే 116 జాతులు తేల్చాడు, వాటిలో 74 కొత్తవి. ఎగరలేని పురుగుకి లోయ దాటడమే గొప్ప సంగతి, కాబట్టి ఒకే కొండకి ఈ వైపు ఒక జాతి, ఆ వైపు ఇంకో జాతి. పైనుంచి చూస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి.

మరి వేరు ఎలా చేస్తారు? ముందు కుటుంబం నిర్ధారించుకోవాలి. నేను చదివిన కాలేజీలో పురుగుల పెట్టె ఒకటి ఉండేది. నల్లగా ఉన్న ప్రతిదానికీ కరాబిడ్ అని చీటీ. ఊరు లేదు, తారీఖు లేదు. లెన్స్ పెట్టి వెనక కాళ్ళ పాదాల్లో కణుపులు లెక్కపెడితే, సగం వాటికి నాలుగే ఉన్నాయి. నేల పెంకు పురుగుకి ఆరు పాదాల్లోనూ అయిదేసి ఉంటాయి. నాలుగున్నవి మన ఇసుక నేలల్లో విస్తారంగా తిరిగే టెనెబ్రియోనిడే కుటుంబానివి. కడుపు వైపు తిప్పితే ఇంకో గుర్తు: నేల పెంకు పురుగుకి వెనక తొడ మొదట్లో చిక్కుడు గింజలాంటి పెద్ద ఉబ్బు ఉంటుంది. ఆ పెట్టె గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎవరో కష్టపడి పట్టినవే, చీటీ మీద ఒక్క వాక్యం లేక ఎందుకూ పనికిరాలేదు.

జాతి దగ్గరికి వస్తే చూడాల్సినవి ఇంకా చిన్నవి. కంటి పైన నిలబడే వెంట్రుక ఒకటా, రెండా? వెంట్రుక విరిగిపోతే అది మొలిచిన గుంట ఉందా? మెడ పలక వెనక మూలలు మొనదేలి ఉన్నాయా, గుండ్రమా? పెంకు మీది గీతలు లోతుగా ఉన్నాయా, వాటిలో చుక్కలున్నాయా? పెంకు చివర నున్నగా ఉందా, ముల్లుందా? రంగుని చివరికి చూడాలి. ఆ పచ్చ మెరుపు పెంకు పొరల అమరిక వల్ల పుట్టేది, వెలుగు పడే కోణం మారితే రాగిలా కనిపిస్తుంది. అప్పుడే ప్యూపా నుంచి బయటికొచ్చిన పురుగైతే నల్ల జాతి కూడా గోధుమ రంగులో ఉంటుంది.

ఇవన్నీ కలిసినా తేలనప్పుడు మగ పురుగు జననాంగాన్ని బయటికి తీసి, కాస్టిక్ పొటాష్‌లో శుభ్రం చేసి, మైక్రోస్కోప్ కింద ఆకారం చూస్తారు. ఈ పురుగుల్లో ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టినది ఫ్రెంచి శాస్త్రవేత్త జానెల్. ఆడ పురుగు ఒక్కటే దొరికితే పని ఆగిపోయినట్టే.

మన దేశపు నేల పెంకు పురుగులకి ఆధారం ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త రాసిన రెండు సంపుటాలు, 1929, 1935. తలపెట్టిన పని వాటితో పూర్తి కాలేదు. తర్వాత 2003లో హెబర్ట్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడ్ వచ్చింది. ఒక జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదివి పోల్చడం. చాలా మంచి సాధనం, కానీ పోల్చడానికి సరైన పేరున్న నమూనా ముందే చదివి ఉండాలి. యాప్ పరిస్థితీ అంతే. దానికి నేర్పిన బొమ్మల్లో లేని దీవి పురుగుకి, ఉన్నవాటిలో దగ్గరిది చూపిస్తుంది.

తమ్ముడి ఫోటోలోని పురుగు కేటస్కోపస్ అనే ప్రజాతిని గుర్తుచేస్తోంది. ఆగ్నేయాసియా తడి అడవుల్లో పడిపోయిన మానుల మీద పరుగెత్తేవి అవి. అది కూడా పోలిక మాత్రమే.

మొన్న ఫోన్ చేసి వాడికి ఇదంతా చెప్పాను. పట్టుకోవద్దన్నాను, అక్కడ అడవిలో సేకరణకి అనుమతి కావాలి. మళ్ళీ కనిపిస్తే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి ఫోటో తియ్యమన్నాను. తారీఖు, చోటు, ఏ మాను, పచ్చిదా పుచ్చిందా, రాత్రా పగలా రాసుకోమన్నాను. భారత జంతు సర్వే కేంద్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, అక్కడ చూపించమన్నాను. "అయితే ఈసారి మాను పేరు కూడా అడిగి రాస్తానులే అన్నయ్యా" అన్నాడు.