క్లీవ్స్ కాథరిన్ ప్రార్థన పుస్తకం: ఒక్కటి రెండైన కథ

పాత చేతిరాత ప్రార్థన పుస్తకాల పేజీల్ని విడివిడిగా ఆన్‌లైన్ వేలంలో అమ్మడం తప్పా ఒప్పా అనే గొడవ మళ్ళీ మొదలైంది. అమ్మేవాళ్ళు ఎప్పటిలాగే ఒకటే మాట అంటున్నారు, పేజీ పాడవలేదు కదా, బంగారు పూత చెక్కుచెదరలేదు కదా, ఇంకేం పోయిందని ఇంత గోల అని. ఏం పోతుందో అర్థం కావాలంటే న్యూయార్క్ మోర్గాన్ లైబ్రరీలో ఉన్న ఒక డచ్ పుస్తకం సంగతి తెలియాలి. దాన్ని పేజీకి ఇంత అని ఊరూరా అమ్మలేదు, రెండు భాగాలు చేశారు, అంతే. ఆ మాత్రానికే వందేళ్ళకు పైగా ఆ పుస్తకం అసలు రూపం ఏంటో ఎవరికీ తెలీకుండా పోయింది.

పుస్తకం 1440 ప్రాంతంలో ఇప్పటి నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో తయారైంది. చేయించుకున్నావిడ క్లీవ్స్ కాథరిన్, అక్కడి గెల్డర్స్ అనే సంస్థానానికి డచెస్, అంటే దాన్ని ఏలే డ్యూక్ భార్య. బొమ్మలేసిన మనిషి పేరు ఎక్కడా దొరకలేదు, అందుకే ఆయన్ని ఈవిడ పేరుతోనే క్లీవ్స్ కాథరిన్ మాస్టర్ అంటారు. ఆ కాలంలో డబ్బున్న వాళ్ళు ఇలాంటి పుస్తకాలు ఎందుకు చేయించుకునేవాళ్ళు, గంటగంటకీ ప్రార్థనలేంటి అనేది చాలామంది రాసేశారు, వదిలేద్దాం. అసలు మలుపు నాలుగొందల ఏళ్ళ తర్వాత పారిస్‌లో వచ్చింది.

1850ల్లో జాక్ జోసెఫ్ టెషెనేర్ అనే పాత పుస్తకాల వ్యాపారి దగ్గర ఇది తేలింది. కాథరిన్ తర్వాత మధ్యలో ఎవరెవరి ఇళ్ళల్లో ఉందో రికార్డు లేదు. ఆయన చేతుల్లో ఉన్నప్పుడే బైండింగ్ విప్పి రెండు పుస్తకాలు చేశారని పండితులు అంటారు. మధ్యకి విరగ్గొట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు, మొదటి దానికి చివర లేదు, రెండో దానికి మొదలు లేదు అని. ఇక్కడ అలా కాదు, ఆకుల్ని కలగాపులగం చేసి, దేనికది పూర్తి పుస్తకంలా కనిపించేట్టు పేర్చి, విడివిడిగా కుట్టారు. ఒకదానికి వచ్చే ధర కంటే రెండింటికి వచ్చేది ఎక్కువ, అంతకు మించి కారణం వెతకక్కర్లేదు.

ఒక భాగం 1856లో ఆరెన్‌బర్గ్ రాజకుటుంబానికి చేరింది. వందేళ్ళు వాళ్ళ దగ్గరే ఉంది. 1957లో న్యూయార్క్ డీలర్ హెచ్.పి. క్రౌస్ ద్వారా అలిస్టర్ బ్రాడ్లీ మార్టిన్ అనే కలెక్టర్‌కి వచ్చింది, ఆయన కలెక్షన్ పేరు మీద దాన్ని గ్వెన్నాల్ అవర్స్ అని పిలవడం మొదలుపెట్టారు (అవర్స్ అంటే ఇలాంటి గంటల ప్రార్థన పుస్తకమే). అప్పటికి ఇంకో సగం ఉందన్న ఊసే లేదు. 1963లో ఆ రెండోది బయటికొచ్చింది, మోర్గాన్ లైబ్రరీ కొనేసింది. అక్కడ చేతిరాత పుస్తకాల విభాగం చూసే జాన్ ప్లమ్మర్ రెండింటినీ పోల్చి చూసి, ఇవి అక్కాచెల్లెళ్ళు కావు, ఒకే పుస్తకం అని తేల్చారు. ఆ తర్వాత ఒక పేజీలో ఆగిపోయిన ప్రార్థన ఎక్కడ కొనసాగుతోందో పట్టుకుంటూ, మడిచి కుట్టిన ఆకుల కట్టలు లెక్కపెట్టుకుంటూ అసలు వరస మళ్ళీ కట్టారు. 1966లో బొమ్మలన్నీ ఆ వరసలోనే అచ్చయ్యాయి. 1970లో మార్టిన్ దగ్గరున్న భాగాన్ని కూడా మోర్గాన్ కొంది. అలా రెండూ ఒక ఇంటికి చేరాయి గానీ లైబ్రరీ నంబర్లు మాత్రం ఇప్పటికీ రెండే, 1963లో కొన్నది ఎం.917, మార్టిన్ దగ్గర కొన్నది ఎం.945.

పేజీ క్షేమంగా ఉంటే చాలు అనేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. ఎం.945 మొదట్లో కాథరిన్ మోకాళ్ళ మీద కూర్చుని మేరీమాతని ప్రార్థిస్తూ ఉంటుంది, చుట్టూ ఆవిడ పూర్వీకుల వంశచిహ్నాలు. అదే కాథరిన్ పేదవాళ్ళకి డబ్బు దానం చేస్తున్న బొమ్మ ఎం.917లో ఉంది. ప్రార్థించే కాథరిన్ ఒక కొనుగోలుదారు దగ్గరికి, దానం చేసే కాథరిన్ ఇంకొకరి దగ్గరికి. రెండు బొమ్మల్లోనూ ఒక్క రంగు చెదరలేదు, కానీ ఈవిడ తన గురించి ఏం చూపించుకోవాలనుకుందో అది మాత్రం రెండు ముక్కలైంది.

ఆవిడ జీవితం తెలిస్తే ఇది ఇంకా గట్టిగా తగుల్తుంది. 1417లో పుట్టింది, తల్లి బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద గుడ్ అక్క. 1430లో గెల్డర్స్ డ్యూక్ ఆర్నాల్డ్‌తో పెళ్ళి, ఆ కాపురం నిలబడలేదు, పుస్తకం తయారయ్యే నాటికే ఇద్దరికీ పడట్లేదు. తర్వాత 1465లో కొడుకు అడాల్ఫ్ తండ్రిని బంధించి జైల్లో పెడితే ఈవిడ కొడుకు పక్షాన నిలబడింది. అలాంటి ఇంట్లో, తన పుట్టింటి వంశాన్ని మొదటి పేజీలోనే చుట్టూ నిలబెట్టుకుని ప్రార్థన చేసుకున్న మనిషి ఈవిడ. ఆ పేజీ ఈ పుస్తకానికి తలుపు లాంటిది, తలుపు ఒకరికి ఇల్లు ఇంకొకరికి అమ్మారు.

ఇక అలంకారం దగ్గరికి వస్తే, ఇప్పుడు 157 బొమ్మలు మిగిలున్నాయి, కొన్ని ఆకులు ఎటో పోయాయి. మనుషులు ఈ పుస్తకాన్ని చూసి ఆగిపోయేది ఎక్కువగా అంచుల దగ్గరే. సెయింట్ ఆంబ్రోస్ బొమ్మ చుట్టూ ఆల్చిప్పలు, కింద ఒక పీత. సెయింట్ లారెన్స్ చుట్టూ చేపలు, సెయింట్ బార్తొలోమ్యూ చుట్టూ బిస్కెట్లు, ప్రెట్జెల్స్. సెయింట్ కొర్నేలియస్, సెయింట్ సిప్రియన్ ఉన్న పేజీలో పక్షి పంజరాలు. ఒక పేజీ అంచు అంతా నాణేలే, ఆ కాలంలో నిజంగా చెలామణిలో ఉన్నవి, పుస్తకం ఎప్పటిదో అంచనా వేయడానికి అవి కూడా పనికొచ్చాయి. ఇంకో చోట జోసెఫ్ చెక్క చిత్రిక పడుతుంటే మేరీ మగ్గం దగ్గర కూర్చుని నేస్తుంటుంది, బాల ఏసు నడక బండి పట్టుకుని అడుగులేస్తుంటాడు. డచ్ ఇళ్ళు, సామాన్లు ఇంత దగ్గరగా చూసి గీసిన వాడు ఆ కాలంలో ఇంకొకడు దొరకడం కష్టం. 17వ శతాబ్దపు డచ్ పెయింటింగ్‌లో కనిపించే వంటిళ్ళూ చేపలూ పళ్ళేలూ ఇక్కడే మొదలయ్యాయా అనిపిస్తుంది, చాలామంది నిపుణులు ఆ పోలిక తెచ్చారు కూడా.

విడి పేజీల మార్కెట్‌కి బాగా పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి పేజీలే. పీత ఉన్న పేజీ ఫ్రేమ్ కట్టించుకుంటే ఎవరి గోడ మీదైనా అందంగా ఉంటుంది. కానీ ఈ పుస్తకంలో వారంలో రోజుకొక ప్రార్థన వరస ఉంది. ఆదివారం త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ), సోమవారం చనిపోయినవాళ్ళకి, మంగళవారం పవిత్రాత్మకి, బుధవారం సెయింట్స్ అందరికీ, గురువారం క్రీస్తు శరీరంగా భావించే రొట్టె ప్రసాదానికి, శుక్రవారం శిలువకి, శనివారం మేరీమాతకి. చనిపోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థనల దగ్గర నోరు తెరిచిన నరకం బొమ్మ ఉంది, నోటి లోపల ఇంకో నోరు, మంటలు, దయ్యాలు, ఈ పుస్తకం మొత్తంలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న బొమ్మ అదే. అది భయపెట్టడానికి మాత్రమే వేసింది కాదు, ఆ ప్రార్థన పక్కన పెట్టింది. వరస తీసేస్తే మిగిలేది ఒక దయ్యాల బొమ్మ.

అమ్మేవాళ్ళ వైపు వాదన కూడా ఉంది. అమెరికాలో ఆటో ఎగె అనే ఆయన, క్లీవ్‌లాండ్‌లో పాఠాలు చెప్పేవాడు, పుస్తకాలు విప్పి పేజీలు పంచడాన్ని 1938లో బాహాటంగానే సమర్థించుకున్నాడు, చిన్న స్కూళ్ళకీ మామూలు జనానికీ కూడా ఒక అసలు పేజీ చేతికి అందుతుంది అని. అందింది నిజమే. ఇప్పటికీ చాలా కాలేజీల్లో ఆయన పంచిన పేజీలున్నాయి. అలాంటి వాటిలోదే బోవే మిస్సల్, చర్చి పూజలో వాడే 309 ఆకుల పుస్తకం, 1942లో ఫిలిప్ డుష్నెస్ అనే డీలర్ దాన్ని విప్పేశాడు, ఎగె కూడా పేజీలు తీసుకుని పంచాడు. లీసా ఫేగిన్ డేవిస్ అనే పండితురాలు ఏళ్ళ తరబడి వెతికి వందకు పైగా ఆకుల జాడ పట్టారు. మిగతావి ఎవరి గోడల మీద ఉన్నాయో, ఎవరి అటకల మీద ఉన్నాయో.

ఇంకో మాట కూడా అంటారు, మోర్గాన్ వాళ్ళు మాత్రం విప్పలేదా అని. విప్పారు. 2009 చివర్లో నెదర్లాండ్స్‌లో నైమేగెన్‌లోని వాల్కాఫ్ మ్యూజియంలో, 2010 మొదట్లో న్యూయార్క్‌లో ఎగ్జిబిషన్ కోసం విడి ఆకులుగానే చూపించారు. నైమేగెన్ పాత గెల్డర్స్ ఊరే, అక్కడి జనం తమ డచెస్ పుస్తకాన్ని చాలా ఆకులు ఒకేసారి చూడగలిగారు. కానీ ఆ విప్పడానికీ పారిస్ విప్పడానికీ పోలిక ఎక్కడ? ఇక్కడ ప్రతి ఆకుకీ నంబరుంది, ప్రతి ఆకూ ఎక్కడిదో రాసుంది, ఒక్కటీ అమ్మకానికి పోలేదు. పైగా ఆన్‌లైన్‌లో బొమ్మలన్నీ కాథరిన్ చూసిన వరసలోనే పెట్టారు, ఎవరైనా చూడొచ్చు.

క్లీవ్స్ పుస్తకం తిరిగి కలవడానికి అసలు కారణం, రెండు భాగాలూ ఇంకా చీలకుండా మిగలడం. ఆరెన్‌బర్గ్ వాళ్ళు గానీ తర్వాత కొన్నవాళ్ళు గానీ పేజీల లెక్కన అమ్ముకుని ఉంటే ప్లమ్మర్ చేతిలో పోల్చడానికే ఏమీ ఉండేది కాదు. అందుకే ఇప్పుడు వేలంలో విడి పేజీ కనిపించినప్పుడల్లా పండితులు ముందుగా అడిగేది దాని ధర గురించో బొమ్మ గురించో కాదు. ఏ పుస్తకంలోది, ఆ పుస్తకాన్ని ఎప్పుడు విప్పారు, మిగతా ఆకులు ఎవరికి వెళ్ళాయి అని అడుగుతున్నారు. చాలా అమ్మకాల వివరాల్లో ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు ఉండట్లేదు.